బట్టకు కుడి

పాండేసర, సూరత్
19 జూన్ 2023

సోమలింగానికి,

మీరంతా క్షేమమని తలుస్తాను. ఇక్కడ మబ్బు పడుతోంది, వాన ఇంకా రాలేదు.

నువ్వు టీవీల రిపేరు దుకాణం మూసి, సూరత్ విడిచి కోరుట్ల పోతూ మాకిచ్చిన పెద్ద టీవీ చెడింది. పూర్తిగా చెడలేదు. తూర్పు గోడకు చెమ్మ దిగుతోందని పదకొండో తేదీ ఆదివారం దాన్ని ఉత్తరం గోడకు జరిపాం. నేనూ, పక్క గదిలో ఉండే ఒడిశా మనుషులు ఇద్దరూ కలిసి మోశాం. పెట్టి చూస్తే బొమ్మ మూడుగా విడిపోయింది. ఆకుపచ్చ ఉన్నచోటే ఉంది. ఎరుపు దాని నుంచి కుడికి రెండు దారాలు పోయింది. నీలం ఒక దారం కిందికి దిగింది. మనుషుల మొహాలకు కన్ను అలవాటు పడుతుంది. అక్షరాలే చదవరావడం లేదు. వత్తుల మీద గుణింతాలు పడుతున్నాయి.

దారాలలో రాశానని నవ్వకు. మిల్లులో చీరల మీద ఒక రంగు పక్కన ఇంకో రంగు తప్పకుండా పడేలా చూడటమే నా పని. ముప్పై రెండేళ్లుగా అదే కొలత.

అక్షరాల సంగతి రాసింది మీ అక్క కోసం. మరమగ్గాల షెడ్డులో, ఆ సాంచాల మోతలో ఇరవై ఏళ్లు కండెలు చుట్టి ఆమె చెవులు పోయాయి కదా. తెలుగు వార్తల్లో తెర అడుగున పరుగెత్తే అక్షరాలు చదవడమే ఆమెకు కాలక్షేపం. తన గొంతు తనకు వినపడదు కనుక గట్టిగా చదివేది. జగిత్యాలలో వడగళ్లు పడినా, నిజామాబాద్‌లో పసుపు ధర పెరిగినా మా గల్లీ అంతటికీ తెలిసేది. వారం రోజులుగా చదవడం లేదు. గదిలో చప్పుడు లేదు.

మొన్న పప్పు పోపు వేస్తూ ఇలా అంది: "ఈడ నేను ఎవలతోని మాట్లాడాలె? తమ్ముని దగ్గరికి పోత. ఆని పెండ్లాం మొహం చూస్తె ఏమంటుందో సమజైతది. నీ మొహంల ఏం కనబడ్తది? సున్నమేసిన గోడ తీరు ఉంటది."

దీపావళికి మిల్లులు మూతపడగానే వచ్చి, ఇక నీ దగ్గరే ఉండిపోతానంటోంది.

ఆ సంగతి అలా ఉంచు. ముందు టీవీకి ఏం చేయాలో చెప్పు. ఫోన్ చేస్తే 'ఊ' తప్ప ఇంకేమీ అనవని తిడతావు, అందుకే రాస్తున్నాను. నా ఫోన్‌తో తీస్తే బొమ్మ మీద నల్ల పట్టీలే వస్తున్నాయి, అందుకని ఫొటో లేదు.

నీ బావ
ముత్యం


కోరుట్ల
29 జూన్ 2023

బావకు శనార్థులు.

నీ ఉత్తరం మా ఇంట్లో రెండుసార్లు చదువుకున్నాం. ఇంటికి అల్లుడివై ముప్పై నాలుగేళ్లయింది, ఇన్ని మాటలు నీ నుంచి ఇప్పుడే విన్నాం. మా ఆవిడ అమూల్య అడుగుతోంది: "మీ బావ దారమంటే ఏ దారం? మా వదిన కండెకు చుట్టిన దారమా, గుండీలు కుట్టే దారమా?" చెప్పు.

ఇక టీవీ. దాని లోపల కింద మూడు గొట్టాలుంటాయి. ఎరుపుకు ఒకటి, ఆకుపచ్చకు ఒకటి, నీలానికి ఒకటి. ఒక్కొక్కటి తన బొమ్మను విడిగా వేస్తుంది. మూడూ ఒకదాని మీద ఒకటి పడితేనే మనకు ఒకే బొమ్మ కనిపిస్తుంది. అంత బరువును ఎత్తి కుదిపితే జరుగుతాయి. దిక్కు మార్చినా కాస్త జరుగుతాయి, భూమిలోని అయస్కాంతం గొట్టాలను లాగుతుంది. హజీరాలో ఒక గెస్ట్‌హౌస్ నుంచి దీన్ని తెచ్చిన రోజున నాకూ ఇదే జరిగింది.

రిమోట్ ఏనాడో పోయింది కనుక వెనక తలుపు తీసే చేయాలి. ముందు అరగంట టీవీ నడవనియ్యి. చల్లటి టీవీని సవరిస్తే వేడెక్కాక మళ్లీ జరుగుతుంది. తర్వాత లోపలున్న తెల్ల బటన్ నొక్కు. తెర మీద గళ్ల చీరలాగా నిలువు, అడ్డం గీతలు వస్తాయి. బోర్డు మీద వరసగా చిన్న మరలుంటాయి, పక్కనే రంగు గుర్తు ఉంటుంది. ఆకుపచ్చ జోలికి పోకు. అది స్తంభం. ఎరుపునూ నీలాన్నీ దాని మీదికి తేవాలి. ఎరుపు కుడికి పోయిందన్నావు, ఎడమకు తే. మందపాటి ఎర్ర వైరు ఒకటి ఉంటుంది, దాని దగ్గరికి వేలు పోనియ్యకు. ప్లాస్టిక్ పిడి ఉన్న స్క్రూడ్రైవరే వాడు.

వెనకున్నవాడికి తెర కనపడదు. కాబట్టి అక్కను ముందు నిలబెట్టు. ఆమె చెబుతుంది, నువ్వు తిప్పు.

అక్క వస్తానంటే ఈ ఇల్లు ఆమెదే. ఆమె ఆ మాట అన్నప్పుడు నువ్వేమన్నావు? అడగడం దండగే గానీ అడుగుతున్నాను.

సోమలింగం


పాండేసర
10 జూలై 2023

సోమలింగానికి,

నేనేమీ అనలేదు.

నిన్న ఆదివారం నువ్వు చెప్పినట్టే చేశాను. అరగంట నడిపాను. గళ్ల గీతలు వచ్చాయి. మీ అక్కను తెర ముందు నిలబెట్టి, నేను వెనక చేరాను. నువ్వు ఎరుపును ఎడమకు తెమ్మన్నావు. ఆమె మొదటి మాటే "కుడికి!" అంది. ఎదురుగా చూస్తున్నది ఆమే కదా అని కుడికే తిప్పాను.

"అటు గాదు! కుడికి, కుడికి!"

ఇంకొంచెం కుడికి తిప్పాను.

"కుడికంటుంటె సమజైతలేదా? నా మీద ఏమన్న కచ్చె ఉన్నదా నీకు?"

నేను జవాబు చెప్పినా ఆమెకు వినపడదు. వెనక ఉన్నాను కనుక పెదవులూ కనపడవు. నేను తిప్పేకొద్దీ ఆమె గొంతు పెరిగింది. చివరికి తువ్వాలు టీవీ మీదుగా నా నెత్తిన విసిరి, పోయి పొయ్యి దగ్గర కూర్చుంది. వచ్చి చూస్తే ఎరుపు నాలుగు దారాల దూరంలో ఉంది.

నేను మర తిప్పితే ఎరుపు తను చెప్పినదానికి ఎదురే పోతోందని ఆమె అంటోంది. లోపల ఏదైనా పార్టు తిరగబడి పనిచేస్తోందా? గల్లీ చివర టీవీ దుకాణం ఓంప్రకాష్‌ను పిలిచి చూపాను. మన సిరిసిల్ల వైపు మనిషే. "కాకా, ఇది తుక్కు. దీన్ని భంగార్‌ల వెయ్యి. గోడకు తగిలిచ్చేది తెస్త" అన్నాడు. కడోదరాలో ఉండే మా కూతురు సంతోషి కూడా కొత్తది కొనిస్తానంటోంది. మీ అక్క ఒప్పుకోవడం లేదు. మా గది గోడకు పట్టే తెరలో అక్షరాలు చీమల్లా ఉంటాయంది. ఇందులో అరచేయంత ఉండేవి.

దారమంటే చీర నేతలో ఉండే దారమే. పది దారాలు కలిస్తే అగ్గిపుల్ల లావు ఉండదు. కానీ తెర మీద దగ్గరి నుంచి చూసి అందాజుగా రాస్తున్నాను, అక్కడ నా దారం పెద్దది. అమూల్యకు చెప్పు.

ముత్యం


కోరుట్ల
20 జూలై 2023

బావకు శనార్థులు.

పార్టు ఏదీ తిరగబడి పనిచేయదు. పనిచేస్తుంది, లేకపోతే చస్తుంది. చచ్చే ముందు గీతలు విల్లులాగా వంగుతాయి, ఎంత తిప్పినా నిటారుగా రావు. నీ గీతలు వంగలేదు కదా? అయితే టీవీ బాగానే ఉంది. లోపం మనుషుల్లో ఉంది.

అక్కను సతాయించకు. బీరువాకు తలుపంత అద్దం ఉంది. బీరువాను టీవీకి ఎదురుగా జరుపు. వెనక నుంచి తల పక్కకు పెడితే తెర మొత్తం నీకే కనపడుతుంది. ఒక్కడివే ఒక పూటలో ముగించవచ్చు. నేను దుకాణంలో అలాగే చేసేవాణ్ని.

ఇంకో సంగతి. నీకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. అక్క సంతోషి ఫోన్‌లో అమూల్యకు కనిపించి మాట్లాడింది. మా పక్క గది ఖాళీగానే ఉందా అని అడిగింది. పెట్టె ఎంత పెద్దది తెచ్చుకోవచ్చో కూడా అడిగింది. ఉత్తగ అంటున్న మాట కాదు బావా.

సోమలింగం


పాండేసర
7 ఆగస్టు 2023

సోమలింగానికి,

వానలు బాగా పడుతున్నాయి. మిల్లు గేటు దగ్గర మోకాలి లోతు నీళ్లు.

లోపం దొరికింది. నువ్వన్నట్టు మనుషుల్లోనే ఉంది.

నిన్న మళ్లీ మీ అక్కను బతిమాలి ముందు నిలబెట్టాను. బతిమాలడమంటే, కుర్చీ తెచ్చి టీవీ ముందు వేశాను. ఆమె కూర్చుంది. మళ్లీ అదే గొడవ. ఈసారి తువ్వాలు విసరలేదు. లేచి నేరుగా వెనక్కి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "తిప్పు" అంది. తిప్పాను. "నీ కుడి చెయ్యి ఏది, ఎత్తు" అంది. ఎత్తాను. "మరి టీవీకి కుడి ఏది?" అంది. ముందుకు వచ్చి చూపాను. ఆమె కూడా నా వెనకే వచ్చి చూసింది. నేను చూపింది ఆమెకు ఎడమ.

మా మిల్లు అచ్చు విభాగంలో పొడవైన బల్ల మీద చీర పరుస్తారు. ఈ పక్క నలుగురు, ఆ పక్క నలుగురు నిలబడతారు. ఒకరి కుడి ఇంకొకరికి ఎడమ. అందుకని ఎవరి కుడీ పనికిరాదు. బట్ట మనల్ని చూస్తోందనుకుని దాని కుడినే కుడి అంటాం. అందరికీ అదొక్కటే. తెర చూడగానే నాకు అది బట్టే అయింది. నీకు మొదటి ఉత్తరంలో రాసిన కుడి కూడా బట్టకు కుడే. నువ్వు ఎడమ అన్నది నాకు సరిగ్గానే అర్థమైంది. మీ అక్క సాంచాల షెడ్డు మనిషి. అక్కడ కుడి అంటే ఎవరి కుడి చెయ్యి వాళ్లదే.

చేతులతో, వేళ్లతో ఇదంతా చెప్పేసరికి పావుగంట పట్టింది. అర్థమయ్యాక నవ్వింది. ఎంత గట్టిగా నవ్విందంటే ఒడిశా మనిషి తలుపు దగ్గరికి వచ్చి ఏమైందని అడిగాడు. "నేను ఎడ్డిదాన్ని గాను. ఈయన బట్ట!" అని అతనికి చెప్పింది. అతనికి తెలుగు రాదు. తల ఊపి పోయాడు.

ఇప్పుడు కుడి ఎడమలు మానేశాం. కిటికీ దిక్కు, పొయ్యి దిక్కు అంటున్నాం. ఎరుపు నడుమ భాగంలో ఆకుపచ్చ మీదికి వచ్చింది. అంచుల్లో ఇంకా ఉంది. నీలం ముట్టుకోలేదు.

బీరువా బరువు. జరపలేదు.

ముత్యం


కోరుట్ల
18 ఆగస్టు 2023

బావకు శనార్థులు.

నీ ఉత్తరం అమూల్య మా గల్లీలో నలుగురికి చదివి వినిపించింది. నువ్వు బజారులో కుడికి మళ్లమంటే మేమిక ఎటు మళ్లాలో ముందే చెప్పు.

నడుమ కుదిరిందంటే కష్టమైన పని అయిపోయినట్టే. అంచులకు వేరే మరలున్నాయి, బోర్డులో కింది వరస. ఒక మూల పట్టుకుంటే రెండో మూల కాస్త జారుతుంది, మళ్లీ రావాలి. ఓపిక నీకు ఎక్కువే. ఎరుపుకు ఒక గంట, నీలానికి ఒక గంట. వచ్చే ఆదివారంతో సరి.

అక్క పోయే మాట మళ్లీ తీసిందా?

సోమలింగం


పాండేసర
11 సెప్టెంబరు 2023

సోమలింగానికి,

ఆదివారానికి ఒకటి రెండు మూలలు చేస్తున్నాం. ఎరుపు నాలుగు మూలలూ అయ్యాయి. నీలం ఇప్పుడే మొదలుపెట్టాం. మధ్యాహ్నం భోజనం కాగానే ఆమే కుర్చీ వేసుకుంటుంది. అరగంట టీవీ వేడెక్కాలి కదా, ఆ అరగంట చాయ్ తాగుతాం. తర్వాత నేను వెనక్కి పోతాను. "కిటికీ దిక్కు ఎంట్రుకంత," "బస్," "పొయ్యి దిక్కు, ఎక్కువైంది, మల్లరా" అని చెబుతుంది. మధ్య మధ్య వేరే మాటలు కూడా చెబుతుంది. షెడ్డులో తనతో పనిచేసిన నర్సవ్వ సంగతి, సంతోషి పుట్టినప్పటి సంగతి. నేను వింటాను.

నిన్న ఒక మాట చెప్పింది. నీకు రాయవచ్చో లేదో తెలియదు.

"చెవులు పోయినయని నాకు ఎప్పుడు ఎర్కైందో తెలుసా? అవ్వి పోయినంక ఏడాదికి. షెడ్డుల ఎట్లాగు ఏం ఇనబడదు. ఇంటికొస్తె నువ్వెట్లాగు మాట్లాడవు. నీ నోరు మూసి ఉన్నదో, నా చెవులు మూసుకున్నయో తెల్వక ఏడాది గడిచింది."

ఇది చెప్పి, వెంటనే "పొయ్యి దిక్కు జర" అంది.

నేను వెనక ఉన్నాను. నా మొహం ఆమెకు కనపడదు. బహుశా అందుకే చెప్పగలిగింది. నేను పొయ్యి దిక్కు తిప్పాను. ఎంత తిప్పానో నాకు గుర్తు లేదు. ఆ మూల మళ్లీ చేయాలి.

రోజూ పడుకునే ముందు పుస్తకంలో ఆ రోజు సంగతి రెండు ముక్కలు రాస్తాను, నీకు తెలుసు. నిన్నటి తేదీ కింద ఏమీ రాయలేదు.

పోయే మాట మళ్లీ తీయలేదు. పెట్టె మాత్రం అటక మీద నుంచి దించింది.

ముత్యం


కోరుట్ల
22 సెప్టెంబరు 2023

బావా,

శనార్థులు ఈసారి లేవు.

నేను సూరత్‌లో ఇరవై ఏళ్లు టీవీలు బాగుచేశాను. ఈ పనికి ఒక పూట పడుతుంది. చేతులు వణికేవాడికి రెండు పూటలు. నీకు మూడు నెలలు పడుతోంది. చీర మీద పది రంగులు కూర్చినవాడివి, నీకు రెండు రంగులు లెక్కా? నాకు అనుమానం వచ్చి సంతోషిని మీ గది ఫొటో తీసి పంపమన్నాను. పంపింది. బీరువా సరిగ్గా టీవీకి ఎదురుగా ఉంది. అద్దం మీద దుప్పటి కప్పి ఉంది. బరువని జరపలేదన్న బీరువా ఎలా నడిచి వచ్చింది బావా?

నువ్వేం చేస్తున్నావో తెలిసింది. నవ్వు వచ్చింది, తర్వాత రాలేదు. దీపావళి దాకా ఒక్కో మూల చేసుకుంటూ పోతే ఆమె ఆ కుర్చీలోనే ఉండిపోతుందని నీ ఆలోచన. సగం పనితో మనిషిని కట్టెయ్యకు. మా అక్క నలభై ఏళ్లు ఏదో ఒక పనికి కట్టుబడే ఉంది. టీవీ పూర్తి చెయ్యి. బొమ్మ కుదరనియ్యి. అప్పుడు ఆమె ఉంటుందో, వస్తుందో ఆమెనే చెప్పనియ్యి. నువ్వు అడగాల్సింది ఏదైనా ఉంటే నోటితో అడుగు. నాకు రాసినంత బాగా మాట్లాడగలవని ఇప్పుడు నాకు తెలుసు.

వస్తే పక్క గదికి సున్నం వేయించి పెట్టాను. అది కూడా దాచకుండా చెబుతున్నాను.

సోమలింగం


పాండేసర
9 అక్టోబరు 2023

సోమలింగానికి,

నువ్వు రాసింది నిజం. దాచినది కూడా రాస్తాను.

జూలై ముప్పైన, మీ అక్క అన్నం తిని కునుకు తీస్తుండగా బీరువా జరిపాను. అద్దంలో చూసుకుంటూ ఎరుపు నడుమ భాగం గంటలో కుదిర్చాను. నువ్వు చెప్పినట్టే ఒక్కడికి సరిపోయే పని. మధ్యలో తల తిప్పి చూస్తే ఆమె లేచి మంచం మీద కూర్చుని ఉంది. నా వైపు చూడటం లేదు. గోడకేసి చూస్తోంది. టీవీ బాగయ్యాక కూడా అలాగే కూర్చుంటుందేమో అనిపించింది. ఆ గంటలో చేసిందంతా తిప్పి చెడగొట్టి, అద్దం మీద దుప్పటి వేశాను. చేసిన పనిని నా చేతులతో చెడగొట్టడం అదే మొదలు.

నీ ఉత్తరం వచ్చాక ఒక ఆదివారం టీవీ ముట్టుకోలేదు. ఆమె కుర్చీ వేసుకుని కూర్చుంది, నేను పని ఉందని బయటికి పోయాను. నిన్న దుప్పటి తీశాను. ఆమె అద్దం చూసింది, టీవీ చూసింది, నన్ను చూసింది. తెలివిగల మనిషి. కుర్చీలో కూర్చుంది. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి ఐదున్నరకు నీలం మొత్తం ముగించాం. వెనక తలుపు బిగించి ముందుకు వచ్చాను. గీతలన్నీ తెల్లగా ఉన్నాయి. ఎక్కడా ఏ రంగూ బయటికి రాలేదు. వార్తలు పెట్టాను. అక్షరాలు ఒక్కొక్కటి తెల్లగా, వత్తులతో సహా వచ్చాయి. ఆమె రెండు వార్తలు గట్టిగా చదివింది. తర్వాత ఆపేసింది. నా వైపు తిరిగి, "ఇగ అయిపోయింది గదా" అంది.

టీవీ కట్టేసి ఆమె కుర్చీకి ఎదురుగా కింద కూర్చున్నాను, నా పెదవులు కనపడేలా. "పోకు" అన్నాను.

"ఏంది?"

"పోకు. ఇక్కడే ఉండు."

"ఇనబడ్తలేదు. గట్టిగ చెప్పు."

నా జీవితంలో గట్టిగా మాట్లాడింది తక్కువ. మిల్లులో కూడా చేత్తోనే చెప్పేవాణ్ని. లేచి నిలబడి అరిచాను. "నువ్వు పోవద్దు! నువ్వు పోతే నాకు ఈడ ఏం లేదు!" నా గొంతు నాకే కొత్తగా వినపడింది. గల్లీలో కుళాయి దగ్గర నీళ్లు పట్టుకుంటున్నవాళ్లు ఆగిపోయారు. ఒడిశా మనుషులు ఇద్దరూ తలుపు దగ్గరికి వచ్చారు. కిటికీలోంచి ఓంప్రకాష్ భార్య తొంగి చూసింది.

మీ అక్క అందరినీ ఒకసారి చూసి, "మల్ల ఒక్కసారి" అంది.

మళ్లీ అరిచాను.

అందరూ పోయాక అడిగాను, నిజంగానే వినపడలేదా అని. "ఈ చెవులకు ఎట్ల ఇనబడ్తది? మొదటిసారే నీ మూతి చూసి సమజైంది" అంది.

"మరి ఇంకో మూడుసార్లు ఎందుకు అనిపించినవ్?"

"ఒక్కసారంటే రేపు అనలేదంటవ్. ఇప్పుడు పది మంది సాక్షులున్నరు."

దీపావళికి ఇద్దరం కోరుట్ల బస్సులో వస్తున్నాం, వారం ఉంటాం. సున్నం వేయించిన గదిలో ఇద్దరికీ పక్క వెయ్యమని అమూల్యకు చెప్పు. ఎప్పుడు తిరిగి పోవాలో మీ అక్క ముందే చెప్పింది. ఆ రోజు సూరత్ బస్సు ఎక్కకుండా మమ్మల్ని మీరు ఆపకూడదట. ఇది రాయమని పక్కనే కూర్చుని చెబుతోంది.

నీ బావ
ముత్యం